నిలువునా ఎండిన యాష్ చెట్ల మధ్య

"నయాగరా చూసినవా టీచర్?"

కెనడా నుంచి తిరిగొచ్చాక మా స్కూల్లో అటెండర్ దగ్గర్నుంచి హెడ్మాస్టర్ దాకా అందరూ ఇదే అడిగారు. చూడలేదు. టొరంటో నడిమధ్యలో ఉండే ఆ పొడవాటి టవర్ కూడా కారులోంచి, మబ్బుల్లో సగమే కనిపించింది. నేను చూసింది చెట్లు. అవీ చచ్చిపోయిన చెట్లు. వాటి గురించి, వాటి దగ్గరికి నన్ను తీసుకుపోయిన మనుషుల గురించి రాయాలనిపించింది. అక్కడికి పోనివాళ్ళు, పిల్లల్ని పంపబోతున్నవాళ్ళు చదువుతారని రాస్తున్నాను.

నేను మంచిర్యాల పక్కన ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్తాను. మా నాన్న ఫారెస్టు డిపార్ట్‌మెంటులో పనిచేసి, సర్వీసులో ఉండగానే పోయారు. నా తమ్ముడు నరేష్ చిన్నప్పుడు ఆయన వెంట టేకు అడవుల్లో తిరిగాడు. ఫారెస్ట్రీలో డిగ్రీ చేసి, పట్టణాల్లో చెట్లను ఎలా చూసుకోవాలో నేర్పే కోర్సు ఒకటుందని గ్వెల్ఫ్ అనే ఊరికి పోయాడు. మా చుట్టుపక్కల ఏ వాడలో చూసినా ఒకరిద్దరు పిల్లలు కెనడాకి అప్లై చేస్తున్న రోజులవి. చెట్ల చదువుకని పోయింది మాత్రం వాడొక్కడే. అక్కడ చదువుకుంటూ, శని ఆదివారాలు చెట్లు తొలగించే ఒక తెలుగాయన దగ్గర పనికి కుదిరాడు. కిందటి కార్తీకంలో, ఏజాక్స్ అనే ఊళ్ళో, ఎండిపోయిన యాష్ చెట్టు కొమ్మ విరిగి మీద పడింది. మా నరేష్ పోయాడు.

అప్పుడు నాకు వీసా రాలేదు. వాడు పెట్టెలో ఇంటికి వచ్చాడు. మళ్ళీ అప్లై చేస్తే ఎండాకాలం సెలవులకు ముందు వచ్చింది. ఇప్పుడు పోయి ఏం లాభం అన్నారు చుట్టాలు. అమ్మ మాత్రం, "పోయి ఆ జాగ చూసి రా బిడ్డా. ఏమైందో మనిషి నోటితోని విని రా" అంది.

టొరంటో విమానాశ్రయం

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. దసరాకి మేం జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దవాళ్ళకి మొక్కుతాం. వాడు పోవడానికి ముందు వచ్చిన దసరాకి నరేష్ ఫోన్లోనే మొక్కాడు. వాడి వాటా అని అమ్మ ఒక చిన్న జమ్మి రెమ్మ తీసి దేవుడి దగ్గర దాచింది. నేను బయల్దేరేటప్పుడు దాన్ని పేపర్లో చుట్టి, చీర మడతలో పెట్టి, "ఆ చెట్టు కాడ పెట్టు" అంది.

సామాను తీసుకునే చోట వాసన పట్టే కుక్క ఒకటి వచ్చి నా పెట్టె పక్కన కూర్చుంది. మొరగలేదు, కూర్చుందంతే. వెంటనే ఒక ఆఫీసరమ్మ వచ్చి పెట్టె తెరవమంది. నా ముఖం చూసి హిందీలోకి దిగింది. పంజాబీ ఆమె. అల్లం పచ్చడి, సకినాలు, కారప్పొడి అన్నీ పక్కన పెట్టి, ఆ పేపరు పొట్లం మాత్రం పట్టుకుంది.

"బెరడు ఉన్న కట్టె ఏదైనా సరే, రానివ్వం దీదీ. లోపల పురుగు ఉండొచ్చు. ఇలా కట్టెతో వచ్చిన పురుగే మా చెట్లన్నిటినీ తినేసింది."

అదెందుకు తెచ్చానో చెప్పాను. నా హిందీ అంతంతమాత్రం. ఆమె రెమ్మని నా చేతికిచ్చి, "ఒక్కసారి కళ్ళకద్దుకోండి" అంది. అద్దుకున్నాను. తర్వాత ఆమె దాన్ని ఒక సంచిలో వేసి మూతి బిగించింది. ఆమె మీద కోపం రాలేదు. అమ్మకేం చెప్పాలన్నదే బెంగ.

బయట శ్రావ్య నిలబడి ఉంది. జగిత్యాల పిల్ల, నరేష్ క్లాస్‌మేట్. వాడితో పాటు అదే పనికి పోయేది. ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడాను గానీ చూడడం అదే మొదలు. ఫొటోలో కంటే సగమైంది. "అక్కా" అని దగ్గరకొచ్చి, కౌగిలించుకోబోయి ఆగి, నా పెట్టె అందుకుంది.

గ్వెల్ఫ్

విమానాశ్రయం నుంచి గ్వెల్ఫ్‌కి గంట ప్రయాణం. శ్రావ్య ఎవరిదో పాత కారు అడిగి తెచ్చింది. దారిలో ఒక కాఫీ కొట్టు దగ్గర ఆపి "డబుల్ డబుల్" అని రెండు కాఫీలు చెప్పింది. పాలు రెండింతలు, చక్కెర రెండింతలు అని అర్థమట. అంత వేసినా అది మన కాఫీ కాలేదు.

మే నెలాఖరు. లేత ఆకులతో ఊరంతా కళకళలాడుతోంది. గడ్డిలో పసుపు పువ్వులు, కంచెల మీద ఊదా రంగు పూలగుత్తులు. ఆ పచ్చదనం మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి బూడిద రంగు చెట్లు. ఒక్క ఆకు లేదు. బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి లోపలి పాలిపోయిన కట్టె కనిపిస్తోంది. ఒకచోట రోడ్డు పొడుగునా వరసగా అవే.

"అవే అక్కా, యాష్‌లు" అంది శ్రావ్య.

యాష్ అంటే బూడిద అని పేరు చూసి నేను మొదట్లో పొరబడ్డాను. అది చెట్టు పేరు. మన వేపలాగా ఒక ఈనెకి ఇటూ అటూ ఆకులుంటాయట. ఒకప్పుడు ఈ ఊళ్ళలో వీధుల నీడంతా వీటిదే. ఆసియా నుంచి సరుకుల చెక్క పెట్టెల్లో వచ్చిన ఒక చిన్న పచ్చ పురుగు వీటికి పట్టింది. అది బెరడు మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు బెరడు కిందికి దూరి, వంకరటింకరగా దారులు తొలుచుకుంటూ తింటుంది. చెట్టుకి నీళ్ళూ తిండీ నడిచేది ఆ పొరలోనే. పైకి ఏమీ కనపడదు. కనపడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. అది తనంతట తాను ఎంతో దూరం ఎగరదు. మనుషులే దాన్ని క్యాంపులకి పోయేటప్పుడు పొయ్యి కట్టెల్లో పెట్టుకుని ఊరూరా మోసుకెళ్ళారు.

ఆ పురుగు ఫొటో నరేష్ నాకు పంపాడు. వేలి కొన మీద బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది, పచ్చగా మెరుస్తోంది. "అక్కా, మన జీరంగికి చుట్టం ఇది. ఒకటే కుటుంబం తెలుసా?" అని వాయిస్ మెసేజ్. తుమ్మ చెట్ల మీద దొరికే జీరంగులను మేం అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసి పెంచుకునేవాళ్ళం. వాటి రెక్కలు రాలితే నేను నోటు పుస్తకాలకు అతికించుకునేదాన్ని. "దీనికి ఇంకో చుట్టం అమెరికాలో ఓక్ చెట్లను చంపుతుంది. దాని వీపు మీద బంగారు చుక్కలు. అందగత్తెలందరూ గిట్లనే ఉన్నరు" అని నవ్వాడు. చెట్లను చంపే పురుగును కూడా వాడు తిట్టలేదు. వాటిదేం తప్పు, తీసుకొచ్చినోళ్ళదేగా అనేవాడు.

శ్రావ్యవాళ్ళుండే ఇల్లు రెండంతస్తులు, కింద బేస్‌మెంటు. అందులో ఎంతమంది ఉంటారో ఇంటి యజమానికి కూడా సరిగ్గా తెలియదనుకుంటా. గుమ్మంలో చెప్పుల కుప్ప చూస్తే పెళ్ళి ఇల్లు అనుకోవాలి. లోపల ఎవరూ మాట్లాడరు. ఒకరు పని నుంచి వచ్చి పడుకుంటే ఒకరు లేచి పనికి పోతారు. కొందరికి పనులే లేవు. ఒక దుకాణంలో నలుగురిని తీసుకుంటామంటే వీధి చివరిదాకా వరస నిలబడిందని, ఆ వరసంతా మన పిల్లలూ పంజాబీ పిల్లలేనని చెప్పారు. ఊళ్ళో బస్సెక్కితే వెనక సీట్లోంచి వరంగల్ మాట, ముందు సీట్లోంచి భీమవరం మాట వినపడుతుంది. అంతమంది మనవాళ్ళు ఉన్నా ఊరు మనది అనిపించదు.

నరేష్ మంచం బేస్‌మెంటులో కిటికీ కింద. ఇప్పుడక్కడ ఖమ్మం అబ్బాయి ఉంటున్నాడు. నేను వస్తున్నానని ఉతికిన దుప్పటి పరిచి, తను బయటికి పోయి నిలబడ్డాడు. కాసేపు దాని మీద కూర్చున్నాను. కిటికీలోంచి గడ్డి మొదళ్ళు, నడిచేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. చెట్ల కోసం ఇంత దూరం వచ్చినవాడికి కిటికీలోంచి ఒక్క చెట్టూ కనిపించలేదు.

ఆ పిల్లలు నాకోసం పప్పుచారు, కోడిగుడ్డు కూర చేశారు. కొత్తిమీర కట్ట రెండు డాలర్లట. అయినా కూర మీద చల్లారు. తింటుంటే ఎవరూ నరేష్ పేరు ఎత్తలేదు. మా దగ్గరైతే చావు జరిగిన ఇంటికి మనిషి వస్తే ఆడవాళ్ళు పట్టుకుని ఏడుస్తారు, ఒకటికి పదిసార్లు చెప్పుకుంటారు. ఈ పిల్లలకు ఏడవడానికి పెద్దవాళ్ళు ఎవరూ లేరు. శ్రావ్య అన్నం కెలుకుతూ కూర్చుంది. తినలేదు.

మర్నాడు పొద్దున ఊరి చివర అడవిలోకి తీసుకుపోయింది. వాడు ఆదివారాలు తిరిగే చోటట. పడిపోయిన యాష్ మాను పక్కన ఆగి, ఊడిన బెరడు ముక్క తిప్పి చూపించింది. లోపలి వైపంతా గీతలు. ఎవరో చిన్నపిల్ల అక్షరాలు రాకుండానే పలక నిండా రాసినట్టు. నేను వేలు పెట్టి ఆ గీత వెంట కొంచెం దూరం పోయి, చెయ్యి తీసేశాను.

"ఇన్ని చచ్చినంక కొట్టుడెందుకు? వదిలెయ్యొచ్చు కదా" అన్నాను.

"అడివిల వదిలేస్తరక్కా. ఇండ్ల పక్కన వదలరు. ఎండిన యాష్ మిగతా చెట్ల లెక్క వంగదు. ముందుగాల చప్పుడన్న చెయ్యకుండ పెళుక్కున విరుగుతది." చెప్పి, శ్రావ్య గబగబా ముందుకు నడిచింది.

మిస్సిసాగా

చెట్లు తొలగించే ఆయన పేరు ప్రభుదాస్. నరసాపురం వైపు మనిషి, వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మొదట ఫ్యాక్టరీలో చేసి, ఈ పురుగు వల్ల చెట్ల పని బాగా ఉందని సొంతంగా మొదలుపెట్టాడు. ఒక ట్రక్కు, మనిషిని పైకి లేపే బకెట్ బండి, కొమ్మల్ని పొట్టు చేసే మిషను. పనివాళ్ళుగా చదువుకునే పిల్లలు. నరేష్ పోయిన ఆ శనివారం తర్వాత లేబర్ డిపార్ట్‌మెంటు వాళ్ళు వచ్చి పని ఆపించారు. ఎంక్వైరీ ఇంకా నడుస్తోంది. ఇప్పుడాయన విమానాశ్రయం దగ్గర గోడౌన్ల మధ్య లారీ నడుపుతున్నాడు.

నేను వస్తానని ఫోన్ చేసినప్పుడు, "తప్పకుండా రండమ్మా" అని ఒక్కమాటే అన్నాడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదనుకుని బయల్దేరాను.

ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఇళ్ళలో వాళ్ళది ఒకటి. ఆదివారం. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. ఆయన తెల్ల చొక్కాలో, ఆమె పట్టుచీరలో ఉన్నారు. హాల్లో గోడ మీద తెలుగు బైబిల్ వాక్యాల క్యాలెండరు. మెట్ల మీద పద్నాలుగేళ్ళ కూతురు కూర్చుని ఉంది. తల్లి తెలుగులో "ఆంటీకి నమస్తే చెప్పు" అంటే, ఆ పిల్ల నా వైపు చూసి ఇంగ్లీషులో, "మీ తమ్ముడి విషయం విన్నాను, చాలా బాధగా ఉంది" అంది. నేరుగా ఆ మాట అన్నది ఆ ఇంట్లో మొదట ఆ పిల్లే.

ఆమె బల్ల నిండా వండి పెట్టింది. చేపల పులుసు వాసన ఇల్లంతా కమ్ముకుంది. నేను కుర్చీలో కూర్చోకుండానే అడిగాను.

"మాకు కొమ్మ విరిగి పడింది అని తప్ప ఎవరూ ఏం చెప్పలేదు. మీరు చెప్పండి."

ప్రభుదాస్ గారు కూర్చోలేదు. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం. శ్రావ్య గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

"ఆ చెట్టు పూర్తిగా పోయిందండి. ఎక్కడానికి లేదు. నేను బకెట్లో పైకెళ్ళి ముక్క ముక్కగా కోస్తున్నాను. కోసే ముక్కకి ముందే తాడు కట్టి, కింద మనిషి పట్టుకుంటాడు. అది కంచె మీదో, ఇంటి మీదో పడకుండా. నరేష్ తాడు పట్టుకున్నాడు. నేను కోస్తున్న కొమ్మ కాదమ్మా పడింది. అవతలి వైపుది. నేనింకా ముట్టనే లేదు. చెట్టు కదిలిన అదురుకి దానంతటదే విరిగింది. అరిచాను. వాడు తల ఎత్తేలోపే..."

"హెల్మెట్ లేదా?"

"ఉందండి. అంత కొమ్మకి హెల్మెట్ ఏం ఆపుతుంది?"

"అయితే అది ఖర్మ అంటారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అనను. అందరూ అలాగే అన్నారు. మా పాస్టర్ గారు కూడా దేవుడి చిత్తం అన్నారు. కాదు. కొమ్మ పడే చోట మనిషిని నిలబెట్టకూడదు. నేను నిలబెట్టాను. దూరంగా నిలబెట్టాలంటే పొడవు తాడు కావాలి. ట్రక్కులో పొడవు తాడు ఉందమ్మా. సీటు వెనక. వాన వచ్చేలా ఉంది, పని అయిపోవాలని, చేతికి దొరికిన తాడుతో మొదలెట్టేశాను. డిపార్ట్‌మెంటు వాళ్ళకీ ఇదే చెప్పాను."

ఆయన భార్య గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తాడు సంగతి ఆమె కూడా అప్పుడే విన్నదేమోనని ఆమె ముఖం చూస్తే అనిపించింది.

తిట్టాలని మాటలు కూడగట్టుకుని పోయినదాన్ని, ఆ పొడవు తాడు దగ్గర ఆగిపోయాను. సీటు వెనక చుట్ట చుట్టి ఉన్న తాడు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. చేయి చాపితే అందేది.

"అమ్మగారితో నేను ఒకసారి మాట్లాడొచ్చా?" అన్నాడు.

"వద్దు" అన్నాను.

"తినకుండా పోవద్దమ్మా" అంది ఆమె. గ్లాసు అందుకోలేదు. వచ్చేశాను. ఆ ఇంట్లోవాళ్ళెవరూ కారు దాకా వెంట రాలేదు. వస్తే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఏజాక్స్

మిస్సిసాగా నుంచి ఏజాక్స్‌కి 401 అనే పెద్ద రోడ్డు మీద తూర్పుకి పోవాలి. అటు ఎన్నో వరసలు, ఇటు ఎన్నో వరసలు, అయినా బండ్లు చీమల్లా కదులుతున్నాయి. హారన్ ఒక్కటీ లేదు. మన రోడ్డయితే ఆ రొదలో ఏడ్చినా ఎవరికీ వినపడదు. శ్రావ్య రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నడిపింది. ఒక దిగే దారి తప్పి, మళ్ళీ వెనక్కి తిప్పుకుని రావాల్సి వచ్చింది. "సారీ అక్కా, సారీ అక్కా" అంటూనే ఉంది. అంత చిన్నదానికి అన్ని సారీలెందుకని విసుక్కున్నాను.

ఆ చెట్టు ఉన్న ఇంటావిడ పేరు మార్గరెట్. డెబ్బై దాటి ఉంటాయి. గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుంది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. టీ, దానితో పాటు ఒక పులుపు కాడలతో చేసిన తీపి వంటకం పెట్టింది. చూడ్డానికి ఎర్ర తోటకూర కాడలు, నోట్లో పెడితే చింతచిగురు. దానికి చక్కెర వేసి పిండిలో పెట్టి కాలుస్తారు. ప్రభుదాస్ గారింట్లో ముట్టనిదాన్ని, ఇక్కడ తిన్నాను. ఎందుకో నాకూ తెలియదు. పొద్దుట్నుంచి ఖాళీ కడుపు.

ఆవిడ వంటింట్లో బల్ల గోడవైపుకి తిప్పి ఉంది. ఇదివరకు కిటికీవైపు ఉండేదట. శ్రావ్య ఆవిడ మాటలు నాకు తెలుగులో చెప్పింది.

"ఆ రోజు వాళ్ళకి సూప్ వేడి చేస్తున్నాను. ఆ అబ్బాయి పొద్దున్నే వచ్చి, కొట్టేముందు చెట్టుని ఫొటో తీసుకోవచ్చా అని అడిగాడు. నా చెట్టుని అలా అడిగినవాళ్ళు ఎవరూ లేరు. పురుగు పట్టకుండా కొన్నేళ్ళు కాండంలోకి మందు ఎక్కించాను. తర్వాత నా వల్ల కాలేదు, మానేశాను. మానేశాక ఎంతోకాలం బతకలేదు."

పెరట్లోకి పోయాం. కంచె పక్కన నేలమట్టంగా కోసిన మొద్దు ఉంది. నేను అంత పెద్దది ఊహించుకోలేదు. ఇద్దరు మనుషులు కూర్చుని భోంచేయొచ్చు. నరికిన ముఖం మీద పగుళ్ళు. దానికి నాలుగడుగుల అవతల నా మోకాలంత ఓక్ మొక్క, చుట్టూ కుందేళ్ళు కొరకకుండా వల.

"ఓక్‌కి కూడా ఇప్పుడు ఏదో తెగులు వచ్చిందంటున్నారు" అంది మార్గరెట్. "నయాగరా వైపు కనిపించిందట. దాన్ని కూడా పురుగులే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోస్తాయట. ఇది పెద్దదయ్యేదాకా నేనెలాగూ ఉండను. అయినా ఆ చోటు ఖాళీగా చూడలేక నాటాను."

కాసేపు నన్ను ఒంటరిగా వదలాలనుకుందేమో, లోపలికి పోయింది.

నేను మొద్దు పక్కన గడ్డిలో కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పక్కింట్లో ఎవరో గడ్డి కోసే మిషను నడుపుతున్నారు. పచ్చిగడ్డి వాసన వస్తోంది. నేను మా స్కూలు గ్రౌండులో కూర్చుని పిల్లల ఆట చూస్తున్నట్టే ఉంది తప్ప, మా తమ్ముడు పోయిన చోట ఉన్నట్టు లేదు.

శ్రావ్య కంచె దగ్గర నిలబడి, అక్కడి నుంచే మాట్లాడింది.

"అక్కా, ప్రభుదాస్ అంకుల్ ఒకటి చెప్పలే. ఆయనకు తెల్వదు. పైనున్నడు కదా, చూడలే."

తలెత్తాను.

"తాడు నాది. కింద పనులు మేమే పంచుకుంటం, ఆ రోజు తాడు పట్టుకునే పని నాది. నరేష్‌ది కొమ్మలు మిషనుకాడికి గుంజే పని. గాలి కొడుతుండె. నా గ్లౌజులు తడిసినయి, చేతులు కొంకర్లు పోయినయి, పట్టు దొరుకుతలే. నరేషే చూసి, 'నువ్వు పోయి బండిల హీటర్ ఏసుకుని కూసో, పది నిమిషాలు నేను పడత' అన్నడు. నేను వద్దనలే అక్కా. ఒక్కసారన్న వద్దనలే. పోయి కూసున్న. గ్లౌజులు హీటర్ మీద పెడుతుంటే అంకుల్ అరుపు ఇన్న. ఉరికొచ్చిన. వాని తల నా ఒళ్ళో పెట్టుకున్న. నాతోని ఏం మాట్లాడలే. అంబులెన్స్ వచ్చేదాక చూసిండు, గంతే."

అప్పుడు నాలో లేచింది జాలి కాదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ పిల్ల బతికి ఉంది, వాడు లేడు అనిపించింది. ఇన్ని నెలలు ఫోన్లో నాతో మాట్లాడింది, ఒక్కసారి చెప్పలేదు అనిపించింది. లేచి, ఆమెను దాటుకుని, ఇంటి పక్క నుంచి వీధిలోకి నడిచాను.

ఆ వీధి పొడుగునా పాత చెట్లు తీసేసిన గుర్తులు. ప్రతి ఇంటి ముందూ ఒక కర్రకి కట్టిన చిన్న మొక్క. ఎదురుగా వచ్చిన ఒక ముసలాయన, కుక్కని పట్టుకుని, నాకు దారిచ్చి "సారీ" అన్నాడు. ఆయన చేసిందేమీ లేదు. వాళ్ళకది అలవాటు. పొద్దుట్నుంచి శ్రావ్య కారులో అంటున్న సారీలు అప్పుడు చెవిలో పడ్డాయి. దారి తప్పినందుకు కాదని అప్పుడర్థమైంది.

ఒక్కటే ఆలోచించాను. ఆ రోజు వాడు ఆమెను పంపకుండా ఉండి, ఆ పిల్లే తాడు పట్టుకుని ఉంటే? ఇవాళ ఇక్కడికి జగిత్యాల నుంచి వాళ్ళమ్మ వచ్చి ఉండేది. విమానాశ్రయానికి వెళ్ళి పెట్టె మోసేది నరేష్. బిక్కుబిక్కుమంటూ కారు నడిపేది నరేష్. కంచె దగ్గర నిలబడి చెప్పేది వాడే. ఆ తల్లి వాణ్ణి ఏమనాలని నేను కోరుకునేదాన్ని?

తిరిగి వచ్చేసరికి శ్రావ్య ఆ మొద్దు మీద కాకుండా, నేను కూర్చున్న గడ్డిలోనే కూర్చుని ఉంది. మోకాళ్ళలో తల. పక్కన కూర్చున్నాను.

"మీ ఇంట్ల చెప్పినవా?"

"లేదు. ఎవ్వలకూ చెప్పలే. కాలేజీకి కూడ పోతలేనక్కా. చెట్టు కింద నుంచి నడవాలంటే భయమైతుంది. ఈ ఊళ్ళె ఎటు చూసినా చెట్లే."

"నరేష్ బలవంతంగ పంపిండా నిన్ను?"

"లే. నవ్వుకుంట పంపిండు."

"అయితే వాడు ఇష్టంగ చేసిన పనిని నువ్వు నీ తప్పు చేసుకోకు" అన్నాను. ఆ పిల్ల నా భుజం మీద తల వాల్చి ఏడ్చింది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు. మార్గరెట్ వంటింటి కిటికీలోంచి చూసి, బయటికి రాకుండా లోపలే ఉండిపోయింది. తర్వాత రెండు దుప్పట్లు తెచ్చి మా భుజాల మీద కప్పి వెళ్ళింది. చలి లేదు. అయినా కప్పుకున్నాం.

ఇంటికి

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. శ్రావ్య విమానాశ్రయం దాకా వచ్చింది. మనసు బాధలు చూసే డాక్టర్ దగ్గరికి పోతానని మాట తీసుకున్నాను. కాలేజీలో అలాంటి డాక్టర్లు ఉచితంగానే చూస్తారట. పోతుందో లేదో తెలియదు. అక్కడ అంతమంది పిల్లల్లో ఎవరు క్లాసుకి రావడం లేదో, ఎవరు తినడం లేదో అడిగే మనిషి లేదు.

ఇంటికొచ్చాక అమ్మకి అన్నీ చెప్పాను. జమ్మి రెమ్మ సంగతి చెప్తే, "పోనీ" అంది. పొడవు తాడు సంగతి చెప్పాను. ప్రభుదాస్ గారు తనతో మాట్లాడొచ్చా అని అడిగారంటే ముఖం తిప్పుకుంది. మొద్దు ఎంత ఉందో చేతులు చాపి చూపించాను. చివరికి శ్రావ్య చెప్పింది కూడా చెప్పాను. దాచాలా వద్దా అని విమానంలో అంతసేపూ కొట్టుమిట్టాడి, దాస్తే ఆ పిల్ల మోస్తున్న బరువు నేనూ మోయాల్సి వస్తుందని చెప్పేశాను.

అమ్మ లేచి పెరట్లోకి పోయింది. ఆ రోజంతా పలకలేదు. మర్నాడు కూడా. వండింది, నాకు పెట్టింది, తను తిన్నది, ఒక్క మాట లేదు. చెప్పి తప్పు చేశాననుకున్నాను.

మూడో రోజు పొద్దున వాకిట్లో బియ్యం ఏరుతూ, చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పిల్లకు చేతులు కొంకర్లు పోయినయన్నవు కదా?"

"అవునమ్మా."

"గంత సలిల ఎవలైనా కూసుంటరు." చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఫోన్ కలుపు. ఆ పిల్లతోని నేను మాట్లాడత."